సీల్ తీశాక గంటసేపు: ఒక పదో తరగతి పరీక్ష కేంద్రం కేస్ స్టడీ

పేపర్ లీక్ అనగానే అందరి చూపూ పోలీస్ స్టేషన్‌లోని ట్రంకు పెట్టె మీదికే పోతుంది. తాళాలు ఎన్ని ఉన్నాయి, సీల్ చెక్కుచెదరకుండా ఉందా, కాపలా ఎవరు అని అడుగుతారు. తెలంగాణలో ఈమధ్య పదో తరగతి పరీక్షల్లో జరిగిన ఘటనలు చూస్తే పెట్టె తాళాలు బాగానే ఉన్నాయి. సీల్ కూడా సరైన టైమ్‌కే తీశారు. పేపర్ బయటికి పోయింది ఆ తర్వాత, పిల్లల చేతికి అందిన మొదటి గంటలో. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. పరీక్షల సీజన్‌లో అదే బడిలో చీఫ్ సూపరింటెండెంట్‌గా (సీఎస్, అంటే పరీక్ష కేంద్రం బాధ్యుడిగా) పనిచేశాను. 2024, 2025 పరీక్షల్లో మా కేంద్రంలో ఏం చేశాం, ఎందుకు చేశాం, అందులో ఏది పనిచేసింది అన్నది వివరంగా రాస్తున్నాను. వచ్చే మార్చిలో సీఎస్‌గానో, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్‌గానో (డీఓ, శాఖ తరఫున కేంద్రంలో ఉండే అధికారి) డ్యూటీ పడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

ముందున్న కేసులు

2023 ఏప్రిల్ 3, మొదటి రోజు, తెలుగు పరీక్ష. వికారాబాద్ జిల్లా తాండూరులో పరీక్ష మొదలైన కొద్ది నిమిషాలకే ప్రశ్నపత్రం ఫోటోలు వాట్సాప్‌లోకి వచ్చాయి. తీసింది కేంద్రంలో డ్యూటీలో ఉన్న ఉపాధ్యాయుడేనని తేలింది. మర్నాడు హిందీ పరీక్ష. హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో బయటి నుంచి భవనం పైకి ఎక్కిన ఒక బాలుడు, కిటికీ దగ్గర కూర్చున్న విద్యార్థి పేపర్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకుపోయాడు. అది గ్రూపులన్నీ తిరిగింది, రాజకీయంగా పెద్ద దుమారమే లేచింది. కిటికీ దగ్గర కూర్చున్న పిల్లవాణ్ణి మాత్రం డిబార్ చేశారు. ఆ కుటుంబం హైకోర్టుకు పోతే, మిగతా పరీక్షలు రాయనివ్వమని కోర్టు చెప్పింది.

అంతకు ఏడాది ముందు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తీరు. కోవిడ్ వల్ల 2020లో, 2021లో పబ్లిక్ పరీక్షలు జరగలేదు. 2022 ఏప్రిల్ 27న మళ్లీ మొదలయ్యాయి. మొదటి రోజే నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో తెలుగు పేపర్ పరీక్ష మొదలయ్యాక బయటికి వచ్చింది. అరెస్టయినవాళ్లలో ఉపాధ్యాయులే ఉన్నారు.

వీటికి పూర్తిగా వేరైన కేసు 2018 నాటి సీబీఎస్‌ఈది. పన్నెండో తరగతి ఎకనామిక్స్ ప్రశ్నలు పరీక్షకు ముందే, చేత్తో రాసిన కాగితాల ఫోటోలుగా చేతులు మారాయి. దర్యాప్తు హిమాచల్‌ప్రదేశ్‌లోని ఊనాలో తేలింది. బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌లో వేరే సబ్జెక్టు ప్యాకెట్లు తీసుకోవడానికి వెళ్లిన ఉపాధ్యాయుడు, ఇంకా తేదీ రాని ఎకనామిక్స్ ప్యాకెట్ కూడా తెచ్చుకున్నాడని పోలీసులు చెప్పారు. ఏప్రిల్ 25న దేశమంతటా ఆ పరీక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చింది. 2024 నీట్ కేసులోనూ, హజారీబాగ్‌లో పరీక్ష రోజు ఉదయం ట్రంకు బందుల వైపు నుంచి తెరిచారని సీబీఐ చెప్పింది. అంటే ముందువైపు తాళం, సీల్ చూసి సంతృప్తి పడితే చాలదు. పెట్టెను వెనక్కి తిప్పి బందులు, రివిట్లు కూడా చూడాలి. మా కేంద్రంలో మేం రోజూ చేసిన మొదటి పని ఇదే.

ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టి ‘లీక్’ అనడం వల్లే మందు తప్పుతోందని నా అభిప్రాయం. పరీక్షకు ముందే పేపర్ పోతే లక్షలమంది పిల్లలకు అన్యాయం జరుగుతుంది, పరీక్ష రద్దు చేయక తప్పదు. అది దొంగతనం. 9:30 దాటాక పోతే, పిల్లలంతా అప్పటికే హాల్లో కూర్చుని ఉంటారు కాబట్టి రద్దు చేయాల్సిన పని ఉండదు. కానీ బయట ఎవరో జవాబులు రాసి, చిట్టీలుగా లోపలికి పంపడానికి ఇంకా మూడు గంటలు ఉంటుంది. పేపర్ బయటికి పోయిందంటేనే జవాబులు తిరిగి రావడానికి దారి కూడా ఎవరో వేసి పెట్టారన్నమాట. మంచినీళ్లు ఇచ్చే మనిషో, బాత్రూమ్ వెనుక గోడో, రిలీవింగ్‌కు, అంటే కాసేపు మరొకరి బదులు వచ్చే ఇన్విజిలేటరో ఆ దారి కావచ్చు. మొదటిదానికి తాళం కావాలి. రెండోదానికి తాళం పనికిరాదు, మనుషుల కదలిక మీద లెక్క కావాలి.

మా కేంద్రం

మండల కేంద్రంలో రోడ్డు పక్కనే బడి. కింద కొన్ని గదులు, పైన కొన్ని. వెనుక ప్రహరీ కొంత కూలిపోయి చాలా ఏళ్లయింది. మా పిల్లలతోపాటు చుట్టుపక్కల ప్రభుత్వ, ప్రైవేటు బడుల పిల్లలు, ఒక గురుకులం పిల్లలు, మొత్తం రెండు వందల పైచిలుకు రాస్తారు. పశ్చిమం వైపు గదుల కిటికీలకు ఆనుకునే ఒక పెద్ద వేపచెట్టు. దాని కొమ్మ మీద నిలబడితే పైఅంతస్తులో రెండో వరుస బెంచీ దాకా కనబడుతుంది. కమలాపూర్ ఘటన తర్వాత మొదట చెట్టు కొట్టేయమన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోలేదు, భవనం వైపు వచ్చిన కొమ్మలు మాత్రం కొట్టించాం.

కిటికీలు పెద్ద సమస్య. మార్చి చివర ఎండల్లో కిటికీలు మూసి పిల్లలను కూర్చోబెట్టలేం, కరెంటు పోతే సొమ్మసిల్లి పడిపోతారు. నర్సరీలకు కట్టే గ్రీన్ నెట్ తెచ్చి కిటికీల బయటివైపు బిగించాం. గాలి వస్తుంది, లోపల ఏముందో బయటికి తెలియదు. బెంచీలు గోడ నుంచి ఒక మనిషి నడిచేంత దూరం జరిపించాం. ఇన్విజిలేటర్ ఆ సందులో కూడా తిరుగుతూ ఉండాలన్నది నియమం. ఖర్చు పెద్దగా కాలేదు. నన్నడిగితే సీసీ కెమెరా కన్నా ఈ నెట్ ఎక్కువ పని చేసింది. కెమెరా జరిగిన తర్వాత చూపిస్తుంది, నెట్ జరగనివ్వదు.

2025లో నల్గొండ జిల్లా నకిరేకల్ ఘటన విన్నాక ఈ విషయంలో నాకు మరింత గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఆ ఏడాది మార్చి 21న మొదటి పరీక్ష రోజే అక్కడ కూడా కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి పేపర్‌ను బయటివాళ్లు ఫోటో తీశారు. చూపించకపోతే రాయితో కొడతామని బెదిరించారని ఆ పిల్ల చెప్పింది. ఆమెనూ డిబార్ చేశారు. పదిహేనేళ్ల పిల్లను బయటి మనిషి అందుకోగలిగే చోట కూర్చోబెట్టింది పెద్దవాళ్లు. దాని మీద మళ్లీ మాట్లాడతాను.

8 గంటల నుంచి 9:30 దాకా

ప్రశ్నపత్రాలు పోలీస్ స్టేషన్‌లో ఉంటాయి. ఉదయం నేను, డీఓ కలిసి వెళ్తాం. ట్రంకుకు రెండు తాళాలు, చెవులు చెరొకరి దగ్గర. ఒకరు రాకపోతే పెట్టె తెరుచుకోదు. రానున్న రోజుల పేపర్లు కూడా అదే పెట్టెలో ఉంటాయి కాబట్టి అన్నిటికన్నా ప్రమాదమైన నిమిషాలు ఇవే. ఊనాలో జరిగింది ఇక్కడే. దురుద్దేశం లేకపోయినా ఇక్కడే తప్పు దొర్లుతుంది. 2025 మార్చి 21న మంచిర్యాలలో తెలుగు పరీక్షకు హిందీ ప్రశ్నపత్రాలు వచ్చి పరీక్ష బాగా ఆలస్యమైంది. పిల్లలు బెంచీల మీద ఎదురుచూస్తూ కూర్చున్నారు.

అందుకని మేం పెట్టుకున్న పద్ధతి ఇది. పెట్టెలో కవర్లన్నీ తేదీల వరుసలో నిలబెట్టి ఉంటాయి. డీఓ టైమ్ టేబుల్ చూసి తేదీ, సబ్జెక్టు, పేపర్ కోడ్ పైకి చదువుతారు. నేను కవర్ మీద ఉన్నది పైకి చదువుతాను. స్టేషన్ రైటర్ రెండూ విని రిజిస్టర్‌లో రాస్తాడు. ముగ్గురి మాట కలిస్తేనే కవర్ పెట్టె దాటుతుంది. ఆ తర్వాత మిగిలిన కవర్లు లెక్కపెట్టి, ఆ సంఖ్య కూడా రాసి సంతకాలు చేస్తాం. మర్నాడు పెట్టె తెరవగానే మొదట చూసేది ఆ సంఖ్య సరిపోయిందా అనే. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. మొదట్లో స్టేషన్‌లో విసుక్కున్నారు, తర్వాత వాళ్లే ‘సార్, చదవండి’ అని పెన్ను పట్టుకుని కూర్చునేవారు.

కేంద్రానికి వచ్చాక కవర్ నా గదిలో సీసీ కెమెరా ఎదురుగా టేబుల్ మీద ఉంటుంది. దాని మీద వేరే కాగితం, బ్యాగు, టిఫిన్ డబ్బా ఏదీ పెట్టనివ్వం. గదిలో ఉండేది నేను, డీఓ, ఒక అసిస్టెంట్, అంతే. ఫోన్ల విషయం అందరికీ తెలిసిందే. 2023 తర్వాత సీఎస్ దగ్గర కూడా ఫోన్ ఉండకూడదు. గేటు దగ్గర కానిస్టేబుల్ పక్కన ఒక చెక్కపెట్టె పెట్టి, ఫోన్ స్విచాఫ్ చేసి, పేరు రాసిన కవర్‌లో వేసి ఇవ్వాలన్నాం. మొదట నా ఫోన్ వేశాను. ఆ తర్వాత ఎవరూ ‘నాకు అర్జెంట్ కాల్ వస్తుంది సార్’ అనలేదు. ఇంట్లో పసిపిల్లలున్న టీచర్లకు, ముసలి తల్లిదండ్రులున్నవాళ్లకు మాత్రం గేటు దగ్గరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) నంబర్ ఇంటివాళ్లకు ఇచ్చి రమ్మని చెప్పాం. అవసరమైతే ఆమె కబురు చేస్తుంది. ఈ చిన్న ఏర్పాటు లేకుండా ఫోన్లు లాక్కుంటే జేబులో రెండో ఫోన్ దాచుకునే పరిస్థితి మనమే కల్పిస్తున్నట్లు.

ఫోన్లు లేకపోతే చాలదని జుక్కల్ ఘటన చూపించింది. 2025 మార్చి 26న కామారెడ్డి జిల్లాలోని ఆ కేంద్రం నుంచి గణితం ప్రశ్నలు తెల్లకాగితం మీద పెన్నుతో రాసి బయటికి పంపారు. ఊనాలోనూ పోయింది చేతిరాతే. కాబట్టి మేం తెల్లకాగితాల లెక్క కూడా పట్టించుకున్నాం. ఇన్విజిలేటర్ చేతిలో హాజరు పట్టిక, డీ ఫారం (ఆ గది వివరాల రికార్డు) తప్ప వేరే కాగితం ఉండదు. నోట్ చేసుకోవాల్సింది ఏమైనా ఉంటే డీ ఫారం వెనుకే రాయాలి, ఆ ఫారం తిరిగి నా చేతికే వస్తుంది.

ఏ గది ఎవరికన్నది ఆ రోజు ఉదయం చిట్టీలు తీసి నిర్ణయిస్తాం. ఆ సబ్జెక్టు చెప్పే టీచర్లకు ఆ రోజు డ్యూటీ వేయకూడదన్న నిబంధన పాతదే. దాన్ని మేం ఇంకొంచెం సాగదీశాం. గణితం రోజు ఫిజిక్స్ చెప్పే సార్లను కూడా పక్కన పెట్టాం, ఎందుకంటే చిన్న ఊళ్లలో ఒకే మనిషి రెండూ చెబుతాడు. ఇన్విజిలేటర్ల కొరత వల్ల మండల విద్యాధికారి (ఎంఈఓ) గారితో కొంత వాదన జరిగింది కానీ ప్రైమరీ స్కూల్ టీచర్లను ఇచ్చి సర్దారు.

2024, గణితం రోజు

మా పద్ధతికి అసలు పరీక్ష ఆ రోజు ఎదురైంది. పేపర్లు ఇచ్చి ఇరవై నిమిషాలై ఉంటుంది. అటెండర్ వచ్చి ‘సార్, ఎంఈఓ సార్ గేటు కాడ ఉన్నడు, జల్ది రమ్మంటున్నడు’ అంది. గేటు బయట అప్పటికే పదిమంది తల్లిదండ్రులు. ఒకాయన ‘సారూ, పేపర్ అవుటయిందంట గదా, మా పిల్లలు కష్టపడి చదివింది ఏం కావాలె’ అని గట్టిగా అడుగుతున్నాడు. మా మండలం నుంచే గణితం పేపర్ బయటికి పోయిందని ఒక ఫోటో గ్రూపుల్లో తిరుగుతోంది. ఎంఈఓ గారు తన ఫోన్‌లో చూపించారు. ఆయన చెయ్యి వణుకుతోంది.

ఆ క్షణంలో ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన, లోపలికి పరుగెత్తి ఒక ప్రశ్నపత్రం తెచ్చి ఫోటో పక్కన పెట్టి చూడటం. అది చేయకూడదు. అదే చేస్తే పేపర్ బయటికి తీసుకొచ్చిన మనిషిని నేనే అవుతాను, చుట్టూ పది ఫోన్లున్నాయి. బయటి ఫోన్ లోపలికి తీసుకుపోవడం అంతకన్నా పొరపాటు. కాబట్టి ఫోటోను గేటు దగ్గరే నింపాదిగా చూశాను. మూడు విషయాలు గుర్తుపెట్టుకున్నాను: పేజీ పైభాగంలో ఏముంది, మొదటి ప్రశ్న ఏమిటి, చివరి ప్రశ్నలో అంకెలేమిటి.

పైభాగంలో హాల్ టికెట్ నంబర్ లేదు, అది మొదటి ఆధారం. 2024లో ప్రశ్నపత్రం అందగానే ప్రతి పేజీ మీదా విద్యార్థి తన హాల్ టికెట్ నంబర్ వేయాలన్న ఆదేశం వచ్చింది. చాలాచోట్ల మొదటి పేజీ మీద వేయించి ఊరుకున్నారు. మా దగ్గర పిల్లలంతా అన్ని పేజీల మీదా వేసి పేపర్ బోర్లా పెట్టాకే రాయడం మొదలుపెడతారు. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, మేం ఆ హడావిడిని ముందురోజే పిల్లలకు ప్రాక్టీస్ చేయించాం. పిల్లల దగ్గరి పేపర్ అయితే నంబర్ కనబడాలి. నంబర్ లేదంటే రెండే దారులు: పంచడానికి ముందే మా సిబ్బందిలో ఎవరో తీసి ఉండాలి, లేదా అది మా పేపరే కాదు. మొదటిది నిజమైతే తప్పించుకోలేం, గది నిండా కెమెరా సాక్ష్యం ఉంది.

లోపలికి వెళ్లి, దగ్గర్లో ఉన్న గదిలో ఒక బెంచీ వెనుక నిలబడి, ఒక అబ్బాయి రాసుకుంటుంటే పైనుంచి పేపర్ చూశాను. మొదటి ప్రశ్న వేరు, చివరి ప్రశ్న వేరు. ఇంకో గదిలోనూ చూశాను. మిగిలిన ప్రశ్నపత్రాలు, అంటే గైర్హాజరైనవాళ్లవి, ఎక్స్‌ట్రా వచ్చినవి, అప్పటికే లెక్కపెట్టి డీఓ సంతకంతో సీల్ వేసి ఉన్నాయి. వచ్చిన సంఖ్య, పంచిన సంఖ్య, సీల్ వేసిన సంఖ్య కాగితం మీద కలిశాయి. ఆ కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి, ఎంఈఓ గారి ఫోన్ నుంచి జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు మాట్లాడి విషయం చెప్పాను. తల్లిదండ్రులకు ఒకటే చెప్పాను: ‘అది మన పేపర్ కాదు. పిల్లలు మంచిగ రాస్తున్నరు. మీరిక్కడ గట్టిగ మాట్లాడితే లోపల వాళ్లకు వినబడి టెన్షన్ పడతరు.’ ఒక తల్లి వెంటనే పక్కవాళ్లను ‘నడువుండ్రి, దూరం కూసుందాం’ అని తీసుకుపోయింది.

ఫోటోలోది ఏదో ప్రీ ఫైనల్ మోడల్ పేపర్‌లా ఉంది. ఎవరు, ఎందుకు తిప్పారో తెలియలేదు. కానీ అబద్ధపు లీక్ కూడా నిజమైన నష్టమే చేస్తుంది. లోపల పిల్లలకు ఆ మాట చేరి ఉంటే సగంమంది పెన్ను కింద పెట్టేవారు. ఇన్విజిలేటర్లకు కూడా పరీక్ష అయ్యేదాకా చెప్పలేదు. నేను గదుల్లో తిరగడం చూసి ఒక టీచరమ్మ ‘ఏమైంది సార్’ అన్నట్టు చూస్తే, ‘రౌండ్స్’ అని ముందుకు నడిచాను.

ఈ కేసులో ముఖ్యమైంది ఇదే అనుకుంటున్నాను. గోప్యత కోసం చేసే రాతకోతలన్నీ దొంగను పట్టుకోవడానికే అనుకుంటాం. పావుగంటలో మా కేంద్రం నిర్దోషి అని చూపించగలిగింది కూడా ఆ రాతలే. నంబర్లు వేయించకపోతే, మిగులు పేపర్లు సీల్ వేయకుండా టేబుల్ మీద ఉంచి ఉంటే, ‘మా దగ్గర్నుంచి పోలేదు’ అన్న మాట తప్ప నా దగ్గర ఏమీ ఉండేది కాదు. 2025లో ప్రశ్నపత్రాల మీద క్యూఆర్ కోడ్, సీరియల్ నంబర్ కూడా వచ్చాయి. ఏ గదికి ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా ఇచ్చామో డీ ఫారం పక్కనే రాసుకున్నాం. ఫోటో దొరికితే ఏ గది, ఏ బెంచీ అన్నది నిమిషాల్లో తేలుతుంది. ఈ సంగతి సిబ్బందికి ముందే తెలియడమే సగం రక్షణ.

చివరి అరగంట, బండిల్

బిట్ పేపర్ గురించి బయట ఎవరూ మాట్లాడరు కానీ కేంద్రంలో పనిచేసేవాళ్లకు తెలుసు. బిట్లుండే ఆ పార్ట్ బీ చివరి అరగంటలో ఇస్తాం. జవాబు ఒక్క అక్షరం, వేళ్లతో చూపించినా చాలు. మేం ఆ కాగితాలను టైమ్ అయ్యేదాకా నా గది దాటనివ్వలేదు. ఆ అరగంట రిలీవర్లను, నీళ్లు ఇచ్చేవాళ్లను వరండాలోకి కూడా రానివ్వలేదు. నీళ్లు తాగేవాళ్లు ముందే తాగాలి.

పరీక్ష అయ్యాక గోప్యత అయిపోయినట్లు కాదు. జవాబుపత్రం దిద్దేవాళ్లకు అది ఎవరిదో తెలియకూడదు. ఓఎంఆర్ షీట్ మీద పిల్లవాడి వివరాలున్న భాగం విడిపోతుంది, బార్‌కోడ్ మిగులుతుంది. పిల్లవాడు లోపల పేరో, ఊరో, ‘సార్ పాస్ చేయండి’ అనో రాస్తే ఆ పని అంతా వృథా. 2025 నుంచి 24 పేజీల బుక్‌లెట్ ఇవ్వడం, అడిషనల్ షీట్లు లేకపోవడం చాలా మంచి మార్పు. ఫిజికల్ సైన్స్‌కు, బయాలజీకి 12 పేజీలవి. ఇంతకుముందు దారంతో కట్టిన విడి షీట్లలో ఒకటి తీసి ఇంకొకటి పెట్టడానికి వీలుండేది. 2023లో తాండూరు ఘటన జరిగిన రోజే ఉట్నూరులో జవాబుపత్రాల కట్ట ఒకటి పోస్టాఫీసు నుంచి బస్టాండుకు పోయే దారిలో కనబడకుండా పోయింది. అప్పటినుంచి మా బండిల్ పోస్టాఫీసులో రసీదు తీసుకునేదాకా కాదు, బ్యాగులో పడి మండలం దాటేదాకా మా మనిషి వెంట ఉంటాడు.

ఇక్కడ ఒక మాట. అన్ని స్కూల్ పరీక్షలకూ గోప్యత ఒకేలా ఉండదు. 2024 డిసెంబర్ 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ (పిల్లల చదువు స్థాయిని కొలిచే జాతీయ సర్వే) జరిగినప్పుడు మా దగ్గర మూడు, ఆరు, తొమ్మిది తరగతుల సర్వే గురించి టీచర్లు ‘దీనికింత సీల్ ఎందుకు సార్, మార్కులు రావు, పాస్ ఫెయిల్ లేదు’ అన్నారు. పదో తరగతి పేపర్ మధ్యాహ్నానికి పిల్లలు ఇంటికి తీసుకుపోతారు, సాయంత్రానికి దాని రహస్యం అయిపోతుంది. సర్వే బుక్‌లెట్ అలా కాదు, లెక్క ప్రకారం తిరిగి ఇవ్వాలి. అందులో ప్రశ్నలు బయటపడితే పిల్లలకు ఆ ప్రశ్నలే బట్టీ పట్టిస్తారు, ఆ తర్వాత జిల్లా చదువు ఎలా ఉందో చెప్పే కొలత పనికిరాకుండా పోతుంది. అక్కడ కాపాడాల్సింది ఆ గంటను కాదు, ప్రశ్నను.

ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుంది

పరీక్షలకు నెల ముందు ఒక ప్రైవేటు బడి నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. ‘మా పిల్లలు మంచిగ చదువుతరు సార్, కొంచెం ఫ్రీగ వదిలేయండి, భోజనాల ఏర్పాటు మేం చూసుకుంటం’ అన్నాడు. ఇన్విజిలేటర్లకు మధ్యాహ్నం భోజనం ఎవరు పెడుతున్నారన్నది మామూలు విషయంలా కనబడుతుంది కానీ నా దృష్టిలో పెట్టె తాళమంత ముఖ్యం. ఒకరి అన్నం తిన్నాక వాళ్ల పిల్లవాడి చేతిలో చిట్టీ చూసి గట్టిగా మాట్లాడటం కష్టం. ఆ ఏడాది సిబ్బంది అందరం తలా కొంత వేసుకుని, మధ్యాహ్న భోజనం వండే అక్కలతోనే వండించుకున్నాం.

ప్రభుత్వ బడుల వైపు నుంచి వచ్చే ఒత్తిడి కూడా తక్కువ కాదు. జిల్లా నూటికి నూరు రావాలి, (గ్రేడింగ్ ఉన్న 2024 దాకా) 10 జీపీఏలు ఇన్ని రావాలి అని సమీక్షలు పెట్టి, ఫలితం తగ్గిన హెచ్ఎంకు మెమోలు ఇచ్చి, అదే హెచ్ఎంను నిఘా పెట్టమంటాం. నేను ఆ సమీక్షల్లో కూర్చున్నవాణ్ణే. తాండూరు, కొలిమిగుండ్ల ఘటనల్లో అరెస్టయిన టీచర్ల గురించి తోటివాళ్లం మాట్లాడుకున్నప్పుడు, డబ్బు కోసం చేశారని అన్నవాళ్లకన్నా ‘రిజల్ట్ కోసం చేసుంటారు’ అన్నవాళ్లే ఎక్కువ. చేసింది సమర్థించలేం. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను అరికట్టే 1997 నాటి 25వ చట్టం ప్రకారం దానికి జైలుశిక్ష ఉంది, ఆ సంగతి నేను ప్రతి ఏడాదీ మొదటి మీటింగ్‌లోనే పైకి చదివి వినిపిస్తాను. అయినా చట్టం భయం ఒకవైపు, రిజల్ట్ భయం ఇంకోవైపు లాగుతుంటే, పదిమందిలో ఒకరు జారిపోతారు. ఆ ఒక్కరు చాలు.

పిల్లల మీద పడే భారం

రెండు సీజన్లలో మా కేంద్రం నుంచి పేపర్ బయటికి పోలేదు. చిట్టీలతో దొరికిన పిల్లలున్నారు, వాళ్ల మీద నిబంధన ప్రకారం చర్య తీసుకున్నాం. దాని మీద నాకు సందేహం లేదు. నాకు ఒప్పుకోబుద్ధి కానిది వేరు. బయటి మనిషి కిటికీలోంచి ఫోటో తీస్తే, ఆ పేపర్ ఎవరిదో వాళ్లను ఆ రోజే డిబార్ చేయడం. నంబర్ వేయించడం, సీరియల్ నంబర్ రాయడం ఏ బెంచీ నుంచి పోయిందో తెలుసుకోవడానికి. అంతేగానీ ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లదే తప్పు అని తేల్చడానికి కాదు. కమలాపూర్ అబ్బాయికి కోర్టు దాకా పోయే పెద్దవాళ్లు దొరికారు. అందరికీ దొరకరు.

అందుకని మా కేంద్రంలో రాతపూర్వకంగా ఒక పద్ధతి పెట్టుకున్నాం. కిటికీ వైపు నుంచి ఎవరైనా మాట్లాడినా, ఏదైనా విసిరినా, బెదిరించినా వెంటనే చెయ్యి పైకెత్తాలని, అలా ఎత్తినవాళ్లను ఎవరూ తిట్టరని, టైమ్ పోతే అంత టైమ్ ఇప్పించమని పైఅధికారులను నేను అడుగుతానని మొదటి రోజు మైకులో చెబుతాను. 2025లో ఒక అమ్మాయి అలా చెయ్యి ఎత్తింది. బయట గోడ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఆమె పేరు పెట్టి పిలుస్తున్నారు. కానిస్టేబుల్ పోయేలోపు పారిపోయారు. ఆ పిల్లను గదిలో రెండో వైపు బెంచీకి మార్చి, జరిగింది డీ ఫారం వెనుక రాయించి, ఇన్విజిలేటర్ సంతకంతోపాటు ఆమె సంతకం కూడా పెట్టించాం. తర్వాత ఎక్కడైనా ఆ పేపర్ ఫోటో కనబడితే, తాను చెప్పింది టైమ్‌తో సహా కాగితం మీద ఉంటుంది.

శాఖకు నేను పంపిన రిపోర్టులో అడిగినవి రెండే. ఫోటో బయటపడ్డ కేసుల్లో విద్యార్థిని డిబార్ చేసే ముందు, ఆ గది డీ ఫారం, సీటింగ్ ప్లాన్, పిల్లల వాంగ్మూలం చూసి, మిగతా పరీక్షలు రాయనిస్తూనే విచారణ జరపాలి. రెండోది, కేంద్రంగా ఎంపిక చేసే ప్రతి బడికీ జనవరిలోనే ప్రహరీ, కిటికీలు, పైఅంతస్తుకు బయటినుంచి ఎక్కే దారులు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు బెంచీలు, ఫ్యాన్లు, నీళ్లు, బాత్రూమ్‌లు చూస్తున్నారు, కిటికీ బయట ఏముందో చూసే గడి ఆ ఫారంలో లేదు. మా వెనుక గోడకు ఈ ఏడాది ఎస్టిమేట్ వేశారు. నెట్లు మాత్రం తీయించలేదు, వచ్చే మార్చి దాకా అలాగే ఉంచుతున్నాం.